తప్పు కట్టుదా, చేతిదా

కోయంబత్తూరులో గణపతి అనే పేట దాటాక సందు సందుకీ ఒక లేతు షెడ్డు ఉంటుంది. అన్నీ పొద్దస్తమానం గరగరమంటూనే ఉంటాయి. వాటి మధ్య మరుదాచలం షెడ్డు ఒక్కటి పెద్దగా మోగదు. వాసనతోనే తెలిసిపోతుంది. పుల్లగా, గొంతులో గీరినట్టుండే యాసిడ్ వాసన. ఆ వాసనలో అరుక్కాణీ, శెన్నియప్పనూ ఇరవై ఏళ్ళకు పైగా ఒక్కటే పోట్లాట పోట్లాడుకున్నారు. వాళ్ళు మొగుడూ పెళ్ళాలు కారు, తోడబుట్టినవాళ్ళూ కారు. ఆమె ముక్కలు కట్టే మనిషి, అతను కరెంటు ఇచ్చే మనిషి. అంతే చుట్టరికం.

పోట్లాట దేనికంటే, ముక్క కాలిపోతే తప్పు కట్టుదా, చేతిదా అని.

ఇది కాస్త వివరంగా చెప్పాలి. ఆ ఊరి నూలు మిల్లుల్లో దారం పరిగెత్తే చోట అరచేతిలో ఇమిడేంత అల్యూమినియం చిప్పలు ఉంటాయి. పత్తి దారం ఎంత మెత్తనిది, పసిపిల్ల మణికట్టుకి కట్టినా ఒరుసుకోదు. అదే దారం రాత్రింబవళ్ళు పరిగెత్తిందంటే అల్యూమినియాన్ని రంపంలా కోసేస్తుంది. అందుకని ఆ చిప్పల్ని మంచులా చల్లబెట్టిన యాసిడ్ తొట్టిలో వేలాడదీసి కరెంటు పంపిస్తారు. కాసేపటికి చిప్ప ఒంటిమీద నల్లటి గట్టి తోలు పుడుతుంది. అది పైనుంచి పూసే రంగు కాదు, చిప్ప తన ఒంట్లోంచి తనే పుట్టించుకునే తోలు. గీరి చూస్తే మన గోరే అరుగుతుంది. ఇక దారం ఎన్నేళ్ళు పరిగెత్తినా ఆ చిప్పకి భయం లేదు.

అరుక్కాణి పని ఆ చిప్పల్ని ఒక్కొక్కటే తీగతో చట్రానికి కట్టడం. శెన్నియప్పన్ పని ఆ చట్రాన్ని తొట్టిలో దించి, కరెంటు పెట్టె గుండీని చీమ నడిచినంత మెల్లగా తిప్పడం. కట్టు వదులైతే ఆ సందులో కరెంటు చిటపటలాడి చిప్ప కాలిపోతుంది, అంచులు ఎలక కొరికినట్టవుతాయి. చెయ్యి తొందరపడి గుండీ ఎక్కువ తిప్పినా అలాగే కాలుతుంది. కాలిన చిప్పని చేతిలో పెట్టుకుని ఎంత చూసినా, తప్పు ఎవరిదో ఆ చిప్ప చెప్పదు.

అందుకే ఏ వానాకాలానికో ఒక చిప్ప కాలిందంటే ఇద్దరికీ పండగ.

"నీ కట్టు వదులైందమ్మా తల్లీ. చూడు, ఎలా కొరికేసిందో."

"నా కట్టుకేం అన్నా, పెళ్ళిముడిలా ఉంది. తమరే టీ చల్లారిపోతుందని గుండీ గిర్రున తిప్పేసి ఉంటారు."

"నేను తిప్పే వేగానికి తాబేలు కూడా నన్ను దాటిపోతుంది."

"దాటిపోయే ఉంటుంది. దాన్ని చూస్తూ తమరు కరెంటు మర్చిపోయుంటారు."

ఇలా టీ గ్లాసులు ఖాళీ అయ్యేదాకా సాగేది. ఆఖరికి ఆ కాలిన చిప్పని కిటికీలోంచి అవతల పారేసి ఇద్దరూ పనిలో పడేవాళ్ళు.

అరుక్కాణిది అన్నూరు పక్కన మెట్టపల్లె. లేతు మీద పనిచేసే రంగసామిని చేసుకుని గణపతికి వచ్చింది. రంగసామి ఊపిరితిత్తులు చెడి పోయేనాటికి కూతురు ఇంకా బడికి పోతోంది. తెలిసినవాళ్ళు మరుదాచలానికి చెప్పి షెడ్డులో చేర్పించారు. అప్పటికి మరుదాచలం కూడా మొదలాళి అనిపించుకునేంత పెద్ద యజమాని కాడు, లుంగీ ఎగ్గట్టి తనే చట్రాలు మోసేవాడు. అందరూ ఆ పిలుపుతో పిలవడం తర్వాత వచ్చింది.

కట్టు నేర్పింది శెన్నియప్పనే. బోర్లించిన పెట్టె మీద కూర్చోబెట్టి, తీగా చిప్పా చేతికిచ్చాడు.

"చిప్ప నడిమి బెజ్జంలోంచి తీగ తియ్యి. బొటనవేలితో మెలిపెట్టు. ఇంకా. ఇంకా. ఆగు. ఇప్పుడు కొరికింది. తెలిసిందా?"

"ఏది కొరికిందన్నా?"

"తీగ చిప్పని కొరికింది. కొరకనంతసేపూ వదులే. కొరికాక ఇంకో మెలిక వేశావో, పుటుక్కున తెగుతుంది. ఆ మధ్యలో ఉన్న కాస్తా కంటికి కనబడదు, బొటనవేలికే తెలియాలి. విప్పు. మళ్ళీ కట్టు."

కట్టింది, విప్పింది, కట్టింది. సాయంత్రం చట్రాలు కడిగే వేళకి ఆమె వేలి కింద తీగ సన్నగా జివ్వుమని బిగుసుకుంది.

"తెలిసిందా?"

"తెలిసిందన్నా."

అంతే. ఆ తర్వాత ఆమెకి ఎవరూ ఏదీ నేర్పే అవసరం రాలేదు. ఇంకో సంగతి కూడా తనంతట తనే పట్టింది. తీగ పట్టుకున్న చోట తోలు పుట్టదు, చిన్న తెల్లమచ్చ ఉండిపోతుంది. ఆ మచ్చ ఎక్కడ పడితే అక్కడ పడకూడదు. దారం పోని చోట, ఎవరి కంటా పడని చోట, బెజ్జం లోపలి అంచున పట్టేది. మిల్లువాళ్ళు భూతద్దం పెట్టి వెతికినా దొరికేది కాదు. ఆ ఒక్కటీ ఆమెకి గొప్ప. ఆదివారాలు తిరుప్పూరు నుంచి కూతురు ఫోను చేస్తే, బనియన్లు కుట్టే పిల్లతో కూడా చిప్పల గొడవే చెప్పేది.

షెడ్డులో రబ్బరు చేతితొడుగులు మేకుకి వేలాడుతూ ఉండేవి, తనిఖీకి ఎవరన్నా వస్తే చూపించడానికి. తొడుక్కుంటే తీగ కొరకడం తెలియదు. వాడిన తీగని కాస్టిక్ సోడా నీళ్ళలో వేసి, తోలు ఊడదీసి, కడిగి మళ్ళీ వాడాలని మొదలాళి హుకుం. ఆ కడగడమూ ఒట్టి చేతులతోనే. మొదట వేళ్ళ మీద గీతలు పోయాయి. రేషన్ షాపులో వేలిముద్ర పెట్టమంటే ఆ మిషను ఆమెని ఒప్పుకునేది కాదు. బొటనవేలు తుడిచి పెట్టింది, తలకి రాసుకుని పెట్టింది, పక్కవేలు పెట్టింది.

"మిషను ప్రకారం మీరు లేరక్కా" అన్నాడు షాపతను.

"లేనిదాన్ని బియ్యం ఏం చేసుకుంటాను, ఉన్నట్టు రాసి ఇవ్వు బాబూ" అని నవ్వించి తెచ్చుకుంది.

నవ్వులాట అక్కడితో ఆగలేదు. ఆ ఏడు ఎండాకాలంలో ఒకనాడు చిప్ప మీద ఎర్రగా ఏదో కనిపిస్తే, తుప్పు ఎక్కడిది, అల్యూమినియానికి తుప్పేమిటి అనుకుంది. తుడిచింది, మళ్ళీ వచ్చింది. అప్పుడు చూసుకుంటే తీగ కొన బొటనవేల్లో దిగి ఉంది. ఎప్పుడు దిగిందో తెలియదు. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ గుండుసూదితో వేళ్ళన్నీ పొడిచి చూసి, షుగరుంది, చేతులు రసాయనాల్లో నానాయి, నరాలు మొద్దుబారాయి, మందులు వేసుకుంటే ఇంకా ముదరకుండా ఉంటుందేమో గానీ పోయింది తిరిగి రాదు అని నెమ్మదిగా చెప్పింది.

అరుక్కాణి ఆ మాట షెడ్డులో ఎవరికీ చెప్పలేదు. చెబితే పీట ఖాళీ చేయాలి. పీట ఖాళీ చేశాక తను ఎవరు? గణపతిలో ఒక రంగసామి పెళ్ళాం ఉండేది, అంతే. అందుకని ఒక ఉపాయం కనిపెట్టింది. వేలికి తెలియని బిగువు పెదవికి తెలుస్తోంది. చిప్పని మొహం దగ్గరికి తెచ్చుకుని, చూస్తున్నట్టు వంగి, తీగని కింది పెదవికి ఆనించి మెలిపెట్టేది. జివ్వుమంటే సరే.

పక్క పీట మీద కట్టే పాప్పాత్తి ఊరుకుంటుందా. "అక్క చిప్పలకి ముద్దులు పెడుతోందే. మా బావకి కూడా ఇన్ని పెట్టలేదేమో."

"మీ బావ ఇంత నున్నగా ఉండేవాడు కాదులే."

నవ్వారు. శెన్నియప్పన్ కూడా తొట్టి దగ్గర నుంచి నవ్వాడు. ఆమె పెదవి పగిలి పుండైంది. పుండు మీద తీగ ఆనితే మంట, మంటలో జివ్వు తెలియదు. ఆడి మాసం, అంటే ఆషాఢం, గాలికి షెడ్డు రేకులు కొట్టుకుంటుంటే, మిల్లు నుంచి పెద్ద ఆర్డరు వచ్చి పడింది. మొదలాళి గంటకోసారి వచ్చి వెనక నిలబడి, "కానీ కానీ" అంటున్నాడు. ముద్దులు పెట్టే తీరిక లేదు. కట్టి పడేసింది.

ఆ చట్రంలోనే చిప్పలు కాలాయి. ఒకటి కాదు, ఒక వరస వరసంతా. తొట్టిలోంచి సుయ్యిమని పొగ లేచింది. శెన్నియప్పన్ గబుక్కున మీట దించేశాడు. చట్రం పైకి లాగి చూసి, అలవాటుగా అరుక్కాణి వైపు తిరిగాడు. పోట్లాట మొదలుపెట్టాలి. ఆమె తల ఎత్తలేదు.

"ఏమ్మా, కట్టేనా?" అన్నాడు, ఎప్పటిలాగే.

"మీ చెయ్యే అయ్యుంటుంది" అంది ఆమె. ఎప్పటి మాటే. కానీ నవ్వకుండా అంది.

అతను తన కుడిచెయ్యి ఒకసారి చూసుకున్నాడు.

ఆ వారంలో మళ్ళీ కాలాయి, పై వారం మళ్ళీ. మొదలాళి కాలిన చిప్పలు బుట్టలో పోయించి ఇద్దర్నీ పిలిచాడు. "తోలు ఊడదీసి మళ్ళీ వెయ్యండి. మిల్లువాళ్ళు నా ప్రాణం తీస్తున్నారు."

"వేస్తాం సార్. తోలు మళ్ళీ పుడుతుంది, నల్లగానే ఉంటుంది" అన్నాడు శెన్నియప్పన్. "కానీ అది పుట్టేది చిప్ప ఒంట్లోంచి. ఊడదీస్తే ఒళ్ళే పోతుంది. సైజు రాదు. దారం వదులుగా ఆడి తెగుతుంది."

"అయితే తప్పు ఎవరిదో తేల్చండి. కట్టుదా, చేతిదా?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న వాళ్ళిద్దరూ తప్ప మూడో మనిషి అడగలేదు. అరుక్కాణి గొంతులో మాట తయారైంది కూడా. నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో శెన్నియప్పనే అన్నాడు.

"చేతిదే అయ్యుంటుంది సార్. ఆమెకి కట్టు నేర్పింది నేను. ఆ కట్టు జారదు. నా చెయ్యే ఈమధ్య నా మాట వినట్లేదనిపిస్తోంది. గుండీ తిప్పుతుంటే ఎంత తిప్పానో నాకే అనుమానంగా ఉంటోంది."

మొదలాళి ఆమె వైపు చూశాడు. "నువ్వేమంటావమ్మా?"

ఆమె చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. తడి లేని చేతులే. ఏమీ అనలేదు.

ఆ ఊరుకోవడం దగ్గరే కథంతా నిలిచిపోయింది. ఆమె నోరు తెరిచిందా, తన పీట పోతుంది. తెరవకపోతే అతని చెయ్యి పోతుంది. ఇంత తేటగా ఆ నిమిషాన ఆమెకి తోచి ఉండదు. రేపు చెబుదాం అనుకుంది. రేపు వచ్చింది, ఎల్లుండి వచ్చింది.

శెన్నియప్పన్ గుండీ తిప్పేటప్పుడు కుడిచేతి మణికట్టుని ఎడమచేత్తో పట్టుకోవడం మొదలుపెట్టాడు. చెయ్యి వణకలేదు. వణుకుతుందేమో అని పట్టుకునేవాడు. పెట్టె మీద కరెంటు చూపే ముల్లు మీంచి కన్ను తీసేవాడు కాదు, టీ పక్కన చల్లారి మీగడ కట్టేది. చెమట పట్టేది, ఆ చల్లటి తొట్టి పక్కన. అరుక్కాణి పెదవి మానిన రోజు అన్నీ బాగా వచ్చేవి, పగిలిన రోజు కాలేవి. బాగా వచ్చిన రోజు అతను పిల్లాడిలా చెయ్యి తిప్పి చూసుకుని, "ఇవాళ మాట విందమ్మా" అనేవాడు. ఆమెకి అన్నం దిగేది కాదు.

మొదలాళి ఈలోగా కొత్త కరెంటు పెట్టె తెప్పించాడు. దానికి గుండీ లేదు. తనంతట తనే మెల్లగా కరెంటు పెంచుకుంటుంది, తేడా వస్తే తనే ఆపుకుంటుంది. ఆయుధపూజ నాటికి బిగించారు. షెడ్డంతా కడిగి, తొట్లకి విబూది పట్టీలు తీర్చి, చట్రాలకి పసుపు కుంకాలు పెట్టి, గుమ్మంలో బూడిద గుమ్మడికాయ దిష్టి తీసి కొట్టారు. మరమరాలు, పుట్నాలపప్పు పొట్లాలు పంచారు. పాత పెట్టెని గోడ వారకి జరిపి దానికీ ఒక పూలమూర వేశారు. కొత్త పెట్టెకి మొదటి బొట్టు పెట్టమని మొదలాళి శెన్నియప్పన్‌నే పిలిచాడు, మర్యాద కోసం.

అతను గంధం గిన్నెలో వేలు ముంచి, కుడిచేత్తో పెట్టబోయి ఆగాడు. వేలు మార్చి ఎడమచేత్తో పెట్టాడు. పూజలో ఎడమచెయ్యేమిటని పాప్పాత్తి గొణిగింది. పని నుంచి సాగనంపుతూ భుజాన కొత్త తువ్వాలు కప్పారు. మొదలాళి నాలుగు మంచి మాటలు చెప్పాడు. బయల్దేరేటప్పుడు శెన్నియప్పన్ అరుక్కాణి పీట దగ్గర నిలబడ్డాడు.

"ఇంక పోట్లాటకి ఎవరూ ఉండరమ్మా నీకు. ఆ పెట్టెకి నోరు లేదు."

"అన్నా" అంది.

"గెలిచావు పో. చేతిదే తప్పని తేలింది."

అతను నవ్వుతూనే అన్నాడు. ఆమె మరమరాల పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది.

పండగ మర్నాడు కొత్త పెట్టె పని మొదలుపెట్టింది. మొదలుపెట్టిన కాసేపటికే కీచుమని అరిచి ఆగిపోయింది. మళ్ళీ వేశారు, మళ్ళీ అరిచింది. పెట్టె అమ్మినవాళ్ళ మనిషి వచ్చి చట్రం పైకి తీయించి, చిప్పల్ని ఒక్కొక్కటే వేలితో కదిపాడు. కొన్ని ఊయలలా ఊగాయి.

"పెట్టెకేం లేదు సార్. కట్లు వదులు."

మొదలాళి ఆమె దగ్గరికి వచ్చాడు. కేకలేస్తాడనుకుంది. వెయ్యలేదు. చేతులు చూపించమన్నాడు, చూశాడు, నిట్టూర్చాడు. "ముందే చెప్పొచ్చు కదమ్మా. సరే, ఇంక కట్టడమే ఉండదు. స్ప్రింగు పట్టీలు తెప్పిస్తున్నా, చిప్పని తగిలిస్తే అవే పట్టుకుంటాయి. నువ్వు ఆ చివర కూర్చుని తయారైనవి కాగితాల్లో చుట్టు."

పీట పోతుందని ఇన్నాళ్ళు నోరు కట్టుకుంది. పీట పోయింది, ఇంత తేలిగ్గా, తిట్టు కూడా లేకుండా.

"శెన్నన్నని పిలుస్తారా సార్?"

"పిలిచి ఏం చేయించను? గుండీ తిప్పే పని ఏదీ? ఇంటిదగ్గర హాయిగా ఉండనీ."

"ఆయన చేతిది కాదు తప్పని చెప్పండి సార్. అంతే చాలు."

మొదలాళి గోడ వారనున్న పాత పెట్టె వైపు చూశాడు. దానిమీద పూలమూర వాడి నల్లబడింది. "నేను చెబితే, తప్పు లేకుండా పంపేశానని నా నోటితో నేనే చెప్పినట్టు కదా. నీకు చెప్పాలనుంటే నువ్వు చెప్పు."

చెప్పాలని ఉంది. కాగితాల్లో చిప్పలు చుడుతూ, దీపావళి దాటించింది. కార్తీకంలో వానలు పట్టాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం, చినుకు తగ్గాక, శెన్నియప్పన్ ఉండే చిన్నవేడంపట్టికి బస్సెక్కింది. చేతి సంచిలో అరటిపళ్ళు. ఉత్త చేతులతో పోకూడదు కదా.

శెన్నియప్పన్ భార్య తుళసిమణి గుమ్మంలోనే చెయ్యి పట్టుకుంది. "ఇన్నాళ్ళకా రావడం? రా, నువ్వైనా కాస్త చెప్పు ఈయనకి. మోపెడ్ అమ్మేశాడు. గడ్డం తను గీసుకోడు, మంగలి దగ్గరికి పోతాడు. రేడియో గుండీ కూడా నన్నే తిప్పమంటాడు. అడిగితే చెయ్యి పోయింది అంటాడు. అన్నం మాత్రం ఆ చేత్తోనే తింటాడు, దానికేం రాలేదు." నవ్వబోయింది, కానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

శెన్నియప్పన్ నడవాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసింది. "రామ్మా. ఆ పెట్టె ఎలా ఉంది? మాట్లాడుతోందా?"

"అరుస్తోందన్నా."

"అరుస్తుందా? దేనికి?"

కూర్చోమంటే కూర్చోలేదు. కొంగు వేళ్ళకి చుట్టుకుంటూ నిలబడే చెప్పింది. ఎండాకాలంలో వేల్లో తీగ దిగిన సంగతి దగ్గర మొదలుపెట్టి, డాక్టరమ్మ సూదులు, పెదవి, ఆడి గాలి, వరసగా కాలిన చిప్పలు, ఆరోజు మొదలాళి అడిగితే నోరు తెరవకపోవడం, ఏదీ దాచకుండా. మధ్యలో ఎక్కడా ఏడవలేదు. ఏడిస్తే అతను ఊరడించాల్సి వస్తుందని.

చూరు నుంచి నీళ్ళు బొట్టు బొట్టుగా పడుతున్నాయి. శెన్నియప్పన్ లేచి, కిటికీ గట్టు మీద నుంచి ఒక కాలిన చిప్ప తెచ్చాడు. షెడ్డు నుంచి ఎప్పుడు తెచ్చుకున్నాడో. పాత సంచిలో వెతికి ఒక ముక్క తీగ తీశాడు. రెండూ ఆమె చేతిలో పెట్టాడు.

"కట్టు."

కట్టింది. బెజ్జంలోంచి తీగ తీసి, బొటనవేలితో మెలిపెట్టింది. ఇంకా. ఇంకా. ఎక్కడ ఆగాలో తెలియక ఒకచోట ఆగింది. అతనికి అందించింది. అతను చిటికెన వేలితో తోశాడు. చిప్ప జారి నేలమీద పడి, దొర్లుకుంటూ పోయి తలుపు దగ్గర ఆగింది.

"నా చెయ్యి కాదన్నమాట" అన్నాడు.

"కాదన్నా. ఒక్కనాడూ కాదు."

"పొద్దున లేస్తే ముందు దీన్నే చూసుకునేవాణ్ణి. ఇది నాదేనా అనిపించేది. మనవణ్ణి ఎత్తుకోమని తెచ్చిస్తే ఎత్తుకోలేదు, జారిపోతాడేమోనని. నువ్వు ఒక్క మాట అనుంటే సరిపోయేదమ్మా. మొదలాళికి కూడా అక్కర్లేదు. నాకు. పక్కకి పిలిచి, అన్నా కట్టు నాదే అనుంటే, నేనే బిగించుకునేవాణ్ణి కదా ఒక్కొక్కటీ. ఎవరికి తెలిసేది?"

ఈ సంగతి ఆమెకి ఎన్నడూ తట్టలేదు. ఇరవై ఏళ్ళు పక్కనే ఉండి కూడా తట్టలేదు.

"తప్పైపోయిందన్నా. ఇప్పుడు తెలిసింది కదా, మళ్ళీ అన్నీ మీరే..."

"తోలు మళ్ళీ వేస్తే వస్తుందమ్మా" అన్నాడు. ఇంకేదో అనబోయి మానేశాడు. ఆనాడు మొదలాళితో అన్న ఆ మిగతా మాట ఇద్దరికీ తెలిసిందే.

తుళసిమణి వంటింట్లోంచి అంతా విన్నది. టీ పెట్టి, కెటిల్‌తో సహా తెచ్చి మంచం పక్కన పెట్టింది. గ్లాసులు సర్దింది. పొయ్యబోతే శెన్నియప్పన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"నేను పోస్తా."

తుళసిమణి మొహం ఒక్కసారిగా విప్పారింది. అరుక్కాణి గ్లాసు ముందుకి పట్టుకుంది. అతను కుడిచేత్తో కెటిల్ ఎత్తాడు. ఎడమచెయ్యి అలవాటుగా మణికట్టు మీదికి వెళ్ళబోతే వెనక్కి తీసుకున్నాడు. వంచాడు. అప్పుడు మొదలైంది వణుకు. నెలల తరబడి ఎదురుచూసినా ఎప్పుడూ రాని వణుకు, ఇవాళ వచ్చింది. కెటిల్ ముక్కు గ్లాసు అంచుకి టకటక కొట్టుకుంది. ధార పక్కకి పోయింది.

తుళసిమణి కెవ్వుమంది. అతను కెటిల్ కింద పెట్టేశాడు. అరుక్కాణి వాళ్ళిద్దరి మొహాలూ చూసి, ఏమైందని తన చేతి వంక చూసుకుంది. గ్లాసు ఇంకా పట్టుకునే ఉంది. పొగలు కక్కే టీ ఆమె వేళ్ళ మీంచి మోచేతిదాకా కారుతోంది. వేళ్ళు ఎర్రగా ఉబ్బుతున్నాయి. మోచేతి దగ్గరికి వచ్చాకే చురుక్కుమంది.

శెన్నియప్పన్ ఆమె చేతిలో గ్లాసు తీసేశాడు. చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయి, చూరు నీళ్ళు నిండిన బకెట్లో ముంచి అలాగే పట్టుకున్నాడు. అతని చెయ్యి ఇంకా వణుకుతోంది. ఆ వణుకుకి నీళ్ళు కదులుతున్నాయి.

"చల్లగా ఉందా? తెలుస్తోందా?"

ఎప్పుడో బోర్లించిన పెట్టె మీద కూర్చోబెట్టి అడిగిన గొంతే అది. ఆమె బకెట్లో కదిలే నీళ్ళని చూస్తూ ఉండిపోయింది.

"తెలీట్లేదన్నా."

అతను తల ఊపాడు. చెయ్యి మాత్రం పైకి తియ్యలేదు. చినుకు మళ్ళీ మొదలైంది. ఇద్దరూ అలా బకెట్ పక్కన కూర్చునే ఉన్నారు, తుళసిమణి కొబ్బరినూనె గిన్నె పట్టుకుని వచ్చేదాకా.